కిస్తీ కట్టలేని నెలలోనే సంఘానికి రండి: పొదుపు సంఘాల మీద అపోహలు, వాస్తవాలు

ఊళ్లో పనులు దొరకని నెలల్లో మా పొదుపు సంఘం ఆఫీసు కిటకిటలాడుతుందని బయటివాళ్లు అనుకుంటారు. అప్పుడే జనం తగ్గుతారు. ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా పాస్‌బుక్కు పట్టుకొని వచ్చే మనిషి కనపడదు. ఫోన్ చేస్తే ఎత్తదు. వారం తర్వాత సంతలో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతుంది. పరస్పర సహాయ సహకార సంఘంలో చాలా ఏళ్లుగా మేనేజర్‌గా చేస్తున్నాను. ఈ ఉద్యోగంలో ఇంతగా బాధపెట్టేది ఇంకోటి లేదు. ఆమెకు మేం చేయగలిగింది చాలా ఉంటుంది. కానీ దానికి టైమ్ ఉంటుంది, ఆ టైమ్‌లోనే ఆమె మాకు దొరకదు.

అందుకే ఇక్కడ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: కిస్తీ కట్టలేని నెలలో సంఘానికి మొహం చూపించకూడదు. బయట తెచ్చయినా కట్టాలి, లేదంటే డబ్బు చేతికొచ్చే దాకా కనపడకుండా ఉండాలి.

వాస్తవం: కట్టలేనని మీకు తెలిసిన రోజే రావాలి. గడువు తేదీకి ముందే వస్తే ఇంకా మంచిది.

లెక్క వేసి చూపిస్తాను. 60,000 అప్పు, 24 కిస్తీలు, రూపాయి వడ్డీ. అసలు నెలకు 2,500, మిగిలిన బాకీ మీద వడ్డీ. పది కిస్తీలు కట్టారనుకోండి, ఇంకా 35,000 ఉంటుంది. పదకొండో నెలలో కట్టాల్సింది అసలు 2,500, వడ్డీ 350, మొత్తం 2,850. సరిగ్గా అప్పుడే ఇంట్లో సంపాదన ఆగిపోయింది.

మీరు వచ్చి చెబితే పాలకవర్గం ముందు పెట్టే మొదటి దారి, మూడు నెలలు వడ్డీ మాత్రమే కట్టించుకోవడం. నెలకు 350. అసలు కిస్తీలు మూడు నెలలు వెనక్కి జరుగుతాయి. దీనివల్ల మీ మీద అదనంగా పడేది మొత్తం 1,050 రూపాయలు.

మీరు రాకుండా డైలీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్లారనుకోండి. పదివేలు రాసుకుంటారు, వెయ్యి ముందే కోసుకుంటారు, చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఇక్కడే చాలామంది నాతో వాదిస్తారు. 'అక్కా, అక్కడ వెయ్యే పోతుంది, నువ్వు చెప్పిన దాంట్లో కూడా వెయ్యి పోతుంది కదా' అంటారు. కోసుకున్న వెయ్యి గురించి కాదు నేను చెప్పేది. రోజుకు వంద అంటే నెలకు 3,000. నెలకు 2,850 కట్టలేక బయట అప్పు చేసి, నెలకు 3,000 కట్టే పని నెత్తిన వేసుకున్నారు. అది కూడా మర్నాడు పొద్దున్నుంచే మొదలవుతుంది. సంపాదన మాత్రం మొన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఇరవై రోజులకు జేబు ఖాళీ అయితే ఆ ఫైనాన్స్ తీర్చడానికి ఇంకో ఫైనాన్స్. వడ్డీ శాతం కూడా కావాలంటే, బాకీ రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి ఆ వెయ్యి ఏడాదికి దాదాపు 80 శాతం కిందికి వస్తుంది. మా దగ్గర 12.

2020 లాక్‌డౌన్ తర్వాత ఒక సభ్యురాలి విషయంలో ఇదంతా కళ్లారా చూశాను. టైలర్. ఆమె సంపాదనలో సగానికి పైగా బడి యూనిఫాంలు కుట్టడం వల్లే వచ్చేది. బడులు తెరవలేదు, కుట్టు లేదు. మా పాలకవర్గం అప్పటికే అడిగిన వాళ్లందరికీ కిస్తీలు వాయిదా వేసింది. ఆమె అడగలేదు. పైగా మా కిస్తీ ఒక్కటి కూడా తప్పకుండా కట్టింది! ఎంత క్రమశిక్షణ అనుకున్నాం. తర్వాత తెలిసింది, అది బయట రెండు చోట్ల తెచ్చి కట్టిన డబ్బు. మెషీన్ కూడా కుదువ పెట్టాక, వాళ్ల అక్క తీసుకొస్తే ఆఫీసుకు వచ్చింది. 'కిస్తీ కట్టనిది మొఖం ఎట్ల చూపియ్యాలె అక్కా' అని ఏడ్చింది. ముందు మెషీన్ విడిపించడానికి అత్యవసర అప్పు ఇచ్చాం, పాత అప్పు గడువు పెంచాం. ఆమె కోలుకుంది. కానీ ఏప్రిల్‌లో ఒక్క మాట చెప్పి ఉంటే నెలకు కొన్ని వందల వడ్డీతో పోయేది, మెషీన్ గడప దాటేది కాదు.

ఈ భయం నాకు కొత్త కాదు. మా నాన్న పంట పోయిన ఏడు షావుకారు దుకాణం ముందు నుంచి నడవడం మానేశాడు. బజారుకు వెళ్లాలంటే చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవాడు, నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకొని. ఎందుకు నాన్నా ఇటు నుంచి అంటే కొంగలను చూద్దువుగాని అనేవాడు. అప్పు ఇచ్చిన వాడికి భయపడటం మనకు చిన్నప్పటి నుంచే అబ్బుతుంది. షావుకారు దగ్గర ఆ భయానికి కారణముంది. మీరు కట్టలేకపోతే అతనికి మీ బంగారమో చెలకో దక్కుతుంది. సంఘానికి మీ చెలక అక్కర్లేదు. సంఘంలో ఉన్నది మీ పొదుపు, మీ పక్కింటామె పొదుపు. మీరు నిలబడి నెమ్మదిగా కట్టడమే మా అందరికీ కావలసింది. నా జీతం కూడా అందులోంచే వస్తుంది.

అసలు ఈ పద్ధతి పుట్టిందే కష్టకాలంలో. 1846–47 కరువులో జర్మనీలో రైఫైజన్ అనే గ్రామాధికారి రొట్టె కోసం జనాన్ని కూడగట్టాడు. కలిగినవాళ్ల దానం మీద నడిచే సాయం ఎక్కువ కాలం నిలవదని అనుభవంతో తెలుసుకొని, 1864లో సభ్యులే పొదుపు చేసి సభ్యులే అప్పు తీసుకునే సంఘం పెట్టాడు. ఆ నమూనాను పరిశీలించి ఫ్రెడరిక్ నికల్సన్ అనే బ్రిటిష్ అధికారి 1890ల్లో మద్రాసు ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. 1904లో మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. మా లాంటి సంఘాలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడుస్తాయి. ఇందులో సర్కారు వాటా ధనం ఉండదు. కాబట్టి మీ కిస్తీ వాయిదా వేయాలా వద్దా అన్నది ఎక్కడో పై ఆఫీసులో తేలదు. మీరు ఓటేసి ఎన్నుకున్న పాలకవర్గమే, ఉపవిధులకు, అంటే సంఘం రాసుకున్న నియమాలకు లోబడి, నెలవారీ సమావేశంలో తేలుస్తుంది. మీ వీధిలో ఎవరికి పని ఉంది, ఎవరికి లేదన్నది వాళ్లకు కాగితం చూడకుండానే తెలుసు.

గడువుకు ముందు రమ్మని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ముందు వచ్చిన ఖాతా సక్రమంగా ఉన్న ఖాతా. దాన్ని సర్దడానికి పాలకవర్గానికి చేతులు ఖాళీగా ఉంటాయి. వరుసగా కిస్తీలు తప్పాక అది గడువు మీరిన బాకీల జాబితాలోకి వెళ్తుంది. అపరాధ వడ్డీ మొదలవుతుంది, మీ అప్పుకు పూచీ ఉన్న జమానతుదార్లకు నోటీసు పోతుంది, ఆడిటర్ అడుగుతాడు. కొత్త అప్పుకు మా ఉపవిధులు ఒప్పుకోవు, అంటే అత్యవసర అప్పు దారి కూడా మూసుకుపోతుంది. అప్పుడు కూడా రండి, ఏదో ఒకటి చేస్తాం. కాకపోతే చేయగలిగింది తగ్గిపోతుంది.

వచ్చేటప్పుడు ఏం తేవాలని అడుగుతారు. పాస్‌బుక్కు, ఆసుపత్రి చీటీ లాంటిది ఉంటే అది. అన్నిటికన్నా ముఖ్యం, బయట ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నారో నిజం లెక్క. లోన్ యాప్‌లతో సహా. సగం దాచి చెబితే మేం వేసిన వాయిదా మూడో నెలకే తప్పుతుంది. జమానతు ఉన్నవాళ్లకు మీరే ముందు చెప్పండి. మీ నోటి నుంచి విన్నవాళ్లు చాలాసార్లు మీతో పాటే ఆఫీసుకు వస్తారు. నోటీసు ద్వారా తెలిసినవాళ్లు మళ్లీ జీవితంలో ఎవరికీ జమానతు ఉండబోమంటారు.

దీనికి తోడు ఒక పుకారు, ఒక్క కిస్తీ తప్పితే ఇంటికి తాళం వేస్తారని. ఎవరు పుట్టిస్తారో తెలియదు గానీ ప్రతి ఏడూ వింటాను, విన్నప్పుడల్లా కోపం వస్తుంది. ఒక్క కిస్తీకి ఏ సంఘమూ తాళం వేయదు. ముందు ఫోన్, తర్వాత మనిషి ఇంటికి రావడం, తర్వాత నోటీసు, పాలకవర్గం ముందు మాట్లాడే అవకాశం. చట్టపరమైన వసూలు ఇవన్నీ అయ్యాకే. ఈ పుకారు నమ్మి టెన్షన్‌తో నిద్ర పోని వాళ్లను చూశాను. దయచేసి నమ్మకండి, ఇంకొకరికి పంపకండి.

ఇక మిగతావి.

అపోహ: సంఘం అప్పులు కూడా మాఫీ అవుతాయి, కాబట్టి ఆగాలి. అవవు. 2024లో తెలంగాణలో రెండు లక్షల దాకా మాఫీ అయినవి పంట రుణాలు. పొదుపు సంఘంలో పెళ్లికో మెషీన్‌కో తీసుకున్న అప్పు దాని కిందికి రాదు. మీ అప్పు మాఫీ చేయడమంటే పక్కింటామె పొదుపు చెరిపేయడమే. ఆ సంవత్సరం మాఫీ కోసం ఆగినవాళ్లకు మిగిలింది అపరాధ వడ్డీ.

అపోహ: మారటోరియం, అంటే కిస్తీలకు విరామం ఇస్తే ఆ నెలల వడ్డీ ఉండదు. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వ్ బ్యాంక్ అనుమతించిన మారటోరియంలో కూడా బాకీ మీద వడ్డీ నడిచింది. అది బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ వర్తించింది. మా లాంటి సంఘాలు తమ పాలకవర్గం తీర్మానంతో వాయిదా ఇచ్చాయి. వాయిదా నెలల్లో వడ్డీ మాత్రం కట్టగలిగితే కట్టేయండి, తర్వాత బరువు ఉండదు.

అపోహ: రోజులు బాగాలేనప్పుడు పొదుపు తీసేసుకోవడం మంచిది. మీ పొదుపు బీరువాలో లేదు, తోటి సభ్యుల దగ్గర అప్పుగా ఉంది. నిజంగా అవసరమైతే పొదుపు మీద అప్పు అడగండి. మా సంఘంలో పొదుపు పూర్తిగా తీసుకోవడమంటే సభ్యత్వం వదులుకోవడం, అంటే రేపు కష్టమొస్తే అడిగే హక్కు కూడా పోతుంది. 'సంఘం మునిగిపోతుందట' అని వాట్సాప్‌లో ఎవరో పెడితే వచ్చి లెడ్జరు, ఆడిట్ రిపోర్టు అడగండి. సభ్యులకు చూపించాలి, చూపిస్తాం. నిల్వ నిధి ఎంతుందో, మీరిన బాకీ ఎంతుందో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

అపోహ: పొదుపు సంఘంలో డబ్బుకు 5 లక్షల దాకా బీమా ఉంది. ఆ డిపాజిట్ బీమా బ్యాంకులకు, సహకార బ్యాంకులతో సహా. పరపతి సంఘాలకు లేదు. ఇది చెబితే సభ్యులు భయపడతారని కొన్ని చోట్ల దాటేస్తారు. దాటేయకూడదు. మీ డబ్బుకు కాపలా మహాసభలో మీరు అడిగే ప్రశ్నలే. మహాసభ రోజు భోజనాల టైముకు కాకుండా లెక్కలు చదివే టైముకు రండి.

అపోహ: పేరులో సహకార అని ఉంటే అన్నీ ఒకటే. ఇది కూడా జనం డబ్బు బాగా పోగొట్టే సంగతే. ఏజెంట్ ఇంటికొచ్చి, సభ్యత్వం గురించి సరిగా చెప్పకుండా, మూడేళ్లలో రెట్టింపు అంటూ డిపాజిట్ అడిగితే అది మీరు అనుకునే సంఘం కాదు. లైసెన్స్ లేని సంఘాలు పేరులో బ్యాంక్ అని వాడకూడదనీ, సభ్యులు కాని వాళ్ల దగ్గర, నామమాత్రపు సభ్యుల దగ్గర డిపాజిట్లు తీసుకోవడం బ్యాంకింగ్ చట్టాన్ని ఉల్లంఘించడమేననీ రిజర్వ్ బ్యాంక్ 2021 నవంబరులో హెచ్చరించింది. మీకు ఓటు ఉందా, చివరి మహాసభ ఎప్పుడు జరిగింది, ఆడిట్ ఎవరు చేశారు. ఈ మూడూ అడగండి. జవాబు నసిగితే డబ్బు ఇవ్వకండి.

అపోహ: సభ్యురాలు చనిపోతే అప్పంతా పిల్లల మీద పడుతుంది. చాలా సంఘాల్లో సభ్యులు తలా కొంత వేసుకునే మరణ సహాయ నిధి గానీ, అప్పుకు బీమా గానీ ఉంటుంది. బాకీలో ఎంత దాకా తీరుతుందన్నది ఆ సంఘం నిబంధనను బట్టి ఉంటుంది. మీ సంఘంలో ఉందో లేదో ఈ నెల కిస్తీకి వచ్చినప్పుడు అడిగి, నామినీ పేరు సరిగ్గా ఉందో చూసుకోండి. పెళ్లికి ముందు చేరి, ఇప్పటికీ నామినీగా చనిపోయిన తండ్రి పేరే ఉన్నవాళ్లు మా రిజిస్టర్‌లో ఇంకా ఉన్నారు. మార్చడానికి ఒక్క ఫారం, ఒక్క సంతకం చాలు.