పిక్ లైన్: సులువైన దారి ముప్పుగా మారిన వైనం

క్యాన్సర్ వార్డుల్లో ‘నరం దొరకడం లేదు’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. నెలల తరబడి మందులు ఎక్కించుకున్న చేతుల్లో సిరలు గట్టిపడిపోతాయి. సూది గుచ్చిన చోటల్లా కమిలిపోతుంది. కొన్ని కీమో మందులు సిర దాటి బయటికి కారితే చర్మం, కండ దెబ్బతింటాయి. అలాంటివారికి మోచేతి పైభాగంలోని సిర నుంచి సన్నని గొట్టాన్ని లోపలికి పంపి, దాని కొసను గుండెకు ఆనుకుని ఉన్న మహాసిరలో నిలుపుతారు. దాన్నే పిక్ లైన్ అంటున్నాం. ఒకసారి పెడితే వారాలు, నెలలు పనిచేస్తుంది. రోగికి అది చేసే మేలు చిన్నది కాదు. అయినా గత పదిహేనేళ్లుగా వైద్యులు దీన్ని ఎవరికి పెట్టకూడదో తేల్చుకునే పనిలో పడ్డారు. అంతదాకా ఎందుకు వచ్చిందన్నది తెలుసుకోవలసిన చరిత్ర.

చేతి సిర గుండా గుండెను చేరవచ్చని నిరూపించినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో బెర్లిన్ దగ్గరి ఎబర్స్‌వాల్డె ఆసుపత్రిలో పాతికేళ్ల కుర్ర వైద్యుడు. ప్రయోగానికి పైఅధికారి అనుమతి ఇవ్వలేదు. పరికరాల తాళాలు ఉన్న నర్సు గెర్డా డిట్జెన్ తన మీదే ప్రయోగం చేయమని ముందుకొచ్చింది. ఆమెను బల్లకు కట్టేసి, చేసేది ఆమె చేతికేనని నమ్మించి, ఫోర్స్‌మన్ తన మోచేతి సిరనే కోసుకున్నాడు. మూత్రనాళానికి వాడే 65 సెంటీమీటర్ల గొట్టాన్ని అందులోకి తోసుకుని, మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. కొస గుండె కుడి గదిలో ఉన్నట్టు చిత్రంలో తేలింది. అప్పట్లో చీవాట్లు తిన్న ఆ మనిషికే 1956లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

దారి తెలిసినా దానికి తగిన గొట్టం చాలాకాలం దొరకలేదు. తొలి ప్లాస్టిక్ గొట్టాలు బిరుసైనవి. సిర గోడను ఒరిసి వాపు తెచ్చేవి, రక్తం గడ్డకట్టించేవి. అందుకే వైద్యులు మెడ దగ్గర, కాలర్ ఎముక కింద ఉన్న పెద్ద సిరల వైపు మళ్లారు. అక్కడ సూది కాస్త పక్కకు పోతే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. 1975లో అమెరికన్ సర్జన్ హోషల్ మెత్తని సిలికోన్ గొట్టాన్ని చేతి సిర గుండా పంపి, నోటితో తినలేని రోగులకు పోషకాహారం అందించిన అనుభవాన్ని ప్రచురించాడు. పిక్ లైన్ చరిత్ర ఇక్కడే మలుపు తిరిగింది.

తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది. కంటికి కనిపించని సిరను కూడా తెరమీద చూస్తూ అందుకోవచ్చు. శిక్షణ పొందిన నర్సులే మంచం దగ్గర పిక్ పెట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ థియేటర్ కోసం ఎదురుచూడనక్కరలేదు, ఊపిరితిత్తికి దెబ్బ తగులుతుందన్న భయమూ లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఈ సౌకర్యంలోంచే పుట్టింది. పెట్టడం తేలికైన కొద్దీ, పెట్టాలా వద్దా అని ఆలోచించడం తగ్గింది. అమెరికాలోని మిషిగన్ ఆసుపత్రుల సమాచారాన్ని పరిశీలిస్తే, దాదాపు నాలుగోవంతు పిక్ లైన్లు ఐదు రోజులో అంతకన్నా తక్కువో ఉన్నాయని తేలింది. అంత కొద్ది రోజులకు చేతికి సూదితో పెట్టే మామూలు చిన్న గొట్టం (కాన్యులా)తోనో, గుండె దాకా వెళ్లని మిడ్‌లైన్‌తోనో పని జరిగిపోతుంది.

2013లో అమెరికా వైద్య పరిశోధకుడు వినీత్ చోప్రా బృందం లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన విశ్లేషణ అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. మెడ, ఛాతీ దగ్గర పెట్టే గొట్టాలతో పోలిస్తే పిక్ లైన్లతో లోతు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. ఐసీయూ రోగుల్లోనూ, క్యాన్సర్ రోగుల్లోనూ ఇది మరీ ఎక్కువ. కారణం చేతి సిర సన్నగా ఉండటమే. గొట్టం అందులో ఎక్కువ చోటు ఆక్రమిస్తే రక్తప్రవాహం మందగిస్తుంది. అందుకే గొట్టం సిర వెడల్పులో 45 శాతానికి మించకూడదని, అవసరం లేనిదే రెండు మూడు దారులున్న లావు గొట్టం వాడకూడదని ఇప్పుడు చెబుతున్నారు.

చేతికి పెడతారు కాబట్టి ఇన్‌ఫెక్షన్ తక్కువన్న నమ్మకమూ పూర్తిగా నిలబడలేదు. ఇంటి దగ్గర ఉండి చికిత్స పొందేవారిలో అది నిజమే. ఆసుపత్రిలో పడకమీద ఉన్నవారిలో మాత్రం మిగతా గొట్టాలకూ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు. మూడు అమెరికన్ ఆసుపత్రుల్లో వైద్యులను వాకబు చేస్తే, సుమారు ఐదింట ఒక సందర్భంలో తమ రోగికి ఇలాంటి గొట్టం ఉన్న సంగతే వారికి తెలియదని బయటపడింది. ఉన్నట్టు తెలియని గొట్టాన్ని తీసేయమని ఎవరు చెబుతారు?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మూత్రపిండాల రోగుల విషయం. డయాలసిస్‌కు చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేస్తారు. పిక్ వల్ల ఆ సిర మూసుకుపోతే రేపటి డయాలసిస్ దారి ఈరోజే పోయినట్టు. 2012లోనే అమెరికా కిడ్నీ వైద్యుల సంఘం, కిడ్నీ జబ్బు మూడో దశలోనో ఆపై దశల్లోనో ఉన్న రోగులకు తమను అడగకుండా పిక్ పెట్టవద్దని కోరింది. అయినా మిషిగన్‌లో పిక్ పెట్టినవారిలో నాలుగోవంతుకు దగ్గరగా అలాంటి రోగులే ఉన్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి ప్రాంతం ఉన్న మనకు ఇది దూరదేశపు సంగతి కాదు. పలాస, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే రోగికి పిక్ ప్రస్తావన వస్తే, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతో ముందు చూడమని ఇంటివాళ్లు నిస్సంకోచంగా అడగాలి.

2015లో నిపుణుల బృందం ఒకటి వందలాది సందర్భాలను ఒక్కొక్కటిగా తూచి, మ్యాజిక్ అనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్ని రోజులు, ఏ మందు, ఏ రోగి అన్నదాన్ని బట్టి ఏ గొట్టం తగునో అందులో ఉంది. గొట్టం తయారుచేసే పదార్థం మారిస్తే సరిపోతుందేమోనన్న ఆశ కూడా పరీక్షకు వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వెయ్యిమందికి పైగా రోగులతో జరిపిన ప్రయోగం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. నీటిని అంటనివ్వని రకం గానీ, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ కలిపిన రకం గానీ మామూలు గొట్టంకన్నా మెరుగని తేలలేదు.

కాబట్టి ఇప్పటికీ భారమంతా పెట్టే నిర్ణయం మీద, ఆ తర్వాతి సంరక్షణ మీద ఉంది. వారానికోసారి డ్రెస్సింగ్ మార్చాలి, తడిసినా ఊడినా వెంటనే మార్చాలి. గొట్టం లోపల సెలైన్‌తో కడిగేటప్పుడు పది మిల్లీలీటర్ల సిరంజి వాడాలి. చిన్న సిరంజితో ఒత్తిడి పెరిగి గొట్టం చిట్లవచ్చు. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు. చెయ్యి వాచినా, కడిగిన కాసేపటికి చలిజ్వరం వచ్చినా, బయట కనిపించే గొట్టం పొడవు పెరిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.