మెజారిటీ వచ్చినా టికెట్ దక్కని కాలం: డెమొక్రాట్ల ‘మూడింట రెండొంతుల’ నిబంధన

అమెరికాలో ఇప్పుడు పార్టీ జాతీయ మహాసభ అంటే ముందే తేలిపోయిన పేరును టీవీ కెమెరాల ముందు ప్రకటించే వేడుక. 1952లో డెమొక్రాట్లు మూడో రౌండులో అడ్లై స్టీవెన్‌సన్‌ను ఎన్నుకున్నాక, ఏ పెద్ద పార్టీలోనూ అధ్యక్ష అభ్యర్థి కోసం రెండో రౌండు ఓటింగ్ జరగలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో పరిస్థితి ఇలా ఉండేది కాదు. పదులకొద్దీ రౌండ్లు జరిగేవి, సభలు రోజుల తరబడి సాగేవి. డెమొక్రాట్ల వరకు అందుకు పెద్ద కారణం ఒకే ఒక్క నిబంధన. అభ్యర్థికి ప్రతినిధుల్లో సగానికి పైగా మద్దతిస్తే సరిపోదు, మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

1832లో బాల్టిమోర్‌లో జరిగిన ఆ పార్టీ తొలి జాతీయ మహాసభలోనే ఈ నిబంధన పుట్టింది. అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ తన పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను కోరుకున్నారు. ఆయనకు పార్టీ అంతటా మద్దతుందని చూపించుకోవడానికి ఈ లెక్క పనికొచ్చింది. పన్నెండేళ్లకు అదే లెక్క వాన్ బ్యూరెన్‌నే ముంచింది. 1844లో ఆయనకు మెజారిటీ వచ్చింది, రెండొంతులు రాలేదు. టెక్సాస్‌ను దేశంలో కలపడాన్ని ఆయన వ్యతిరేకించడం దక్షిణాది వాళ్లకు మింగుడు పడలేదు. తొమ్మిదో రౌండులో టికెట్ జేమ్స్ పోక్‌కు వెళ్లింది.

ఆ తర్వాత దక్షిణాది ఈ నిబంధనను వదలలేదు. పార్టీ ఎవరిని నిలబెట్టాలన్నా తమ అంగీకారం తప్పనిసరి కావడానికి వాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం అదే. దీన్ని ఏకాభిప్రాయం కోసం పెట్టిన ఏర్పాటని సమర్థించేవారు. నా దృష్టిలో అది వీటో, అంతకు మించి ఏమీ కాదు. నల్లజాతి పౌరుల ఓటు హక్కును కాలరాసిన రాష్ట్రాలకు దేశమంతటి మీద వీటో ఇవ్వడం ఎంత అన్యాయమో చెప్పనక్కర్లేదు.

1912లో రిపబ్లికన్ల గొడవ వేరు. వాళ్లకు మామూలు మెజారిటీ చాలు. ప్రైమరీలు, అంటే ఓటర్లే అభ్యర్థిపై మొగ్గు చెప్పే ఎన్నికలు, జరిగిన రాష్ట్రాల్లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తొమ్మిదింటిని గెలుచుకున్నా, చాలా రాష్ట్రాల్లో ప్రతినిధుల ఎంపిక పార్టీ పెద్దల చేతుల్లోనే ఉండేది. దక్షిణాదిలో ఆ పార్టీకి ఓట్లు వచ్చేవి కాదు గానీ ప్రతినిధులు మాత్రం దండిగా ఉండేవారు. వాళ్లలో చాలామంది ప్రభుత్వ ఉద్యోగాల కోసం అధ్యక్షుడు విలియం టాఫ్ట్ మీద ఆధారపడినవాళ్లు. వివాదంలో పడ్డ 254 స్థానాల్లో జాతీయ కమిటీ 235 టాఫ్ట్ వర్గానికే కట్టబెట్టింది. షికాగో కొలీజియంలో వేదికకు కట్టిన రంగుగుడ్డల వెనక ముళ్లతీగ చుట్టారు. తమను రోడ్ రోలర్‌లా తొక్కేస్తున్నారంటూ రూజ్‌వెల్ట్ మనుషులు గరుకు కాగితాలు రుద్దుతూ, దాని కూతలు కూస్తూ నిరసన తెలిపారు. చివరికి పార్టీ చీలింది, నవంబరులో డెమొక్రాట్ల అభ్యర్థి వుడ్రో విల్సన్ గెలిచారు.

అసలు ఆ విల్సన్‌కు టికెట్ వచ్చిందే రెండొంతుల నిబంధన వల్ల. ఆ ఏడాది బాల్టిమోర్‌లో జరిగిన డెమొక్రాట్ల మహాసభలో ముందంజలో ఉన్నది ఆయన కాదు, ప్రతినిధుల సభ స్పీకర్, మిస్సోరీకి చెందిన చాంప్ క్లార్క్. పదో రౌండులో న్యూయార్క్ తన 90 ఓట్లను గంపగుత్తగా క్లార్క్‌కు వేసింది. దాంతో ఆయనకు 556 ఓట్లతో స్పష్టమైన మెజారిటీ వచ్చింది. 1844 తర్వాత మెజారిటీ తెచ్చుకున్నవాళ్లందరికీ టికెట్ దక్కింది కాబట్టి, క్లార్క్‌కూ దక్కుతుందనే అనుకున్నారు. విల్సన్ తప్పుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. అయితే న్యూయార్క్ ఓట్ల వెనక ఉన్నది ఆ నగర డెమొక్రాట్ రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న టమ్మనీ హాల్ ముఠా. పద్నాలుగో రౌండులో, గతంలో మూడుసార్లు పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలబడ్డ విలియం జెన్నింగ్స్ బ్రయన్ లేచి, టమ్మనీ బలపరిచే మనిషికి తాను ఓటు వేయనని చెప్పి విల్సన్ వైపు మళ్లారు. ముప్పయ్యో రౌండుకు విల్సన్ ముందుకొచ్చారు. నలభై మూడో రౌండులో ఇల్లినాయ్ కలిసింది. నలభై ఆరో రౌండులో ముగిసింది. విల్సన్ మంచి అధ్యక్షుడా కాదా అన్నది వేరే చర్చ. క్లార్క్‌కు జరిగింది మాత్రం అన్యాయమే.

1920లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కాక్స్‌ను ఎన్నుకోవడానికి 44 రౌండ్లు పట్టింది. అసలు పరాకాష్ఠ 1924 న్యూయార్క్.

జూన్ 24న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదలైన సభ జూలై 9 దాకా సాగింది. ఒకవైపు విల్సన్ అల్లుడు విలియం మెకడూ. ఆయనకు మద్యనిషేధవాదులు, దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల అండ ఉంది. మరోవైపు న్యూయార్క్ గవర్నర్, క్యాథలిక్ మతస్థుడు ఆల్ స్మిత్. శ్వేతజాతి ఆధిపత్యవాద ముఠా కు క్లక్స్ క్లాన్‌ను పేరు పెట్టి ఖండించాలన్న తీర్మానం రమారమి ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. కొందరు ప్రతినిధులకు పూర్తి ఓటు లేకపోవడంతో ఆ లెక్క భిన్నాల్లోకి దిగింది. అక్కడి నుంచి రెండు వర్గాల మధ్య మాటలు కూడా కరవయ్యాయి.

గెలవాలంటే 1,098లో 732 ఓట్లు కావాలి. మెకడూ సగానికి దగ్గరగా వచ్చి ఆగిపోయారు. స్మిత్ వర్గానికి అడ్డుకునే బలం ఉంది, గెలిచే బలం లేదు. అక్షరక్రమంలో ముందుండే అలబామాతో ప్రతి రౌండూ మొదలయ్యేది. ఆ రాష్ట్ర గవర్నర్ లేచి “అలబామా, ఇరవై నాలుగు ఓట్లు ఆస్కార్ డబ్ల్యూ. అండర్‌వుడ్‌కు” అని గొంతెత్తి చెప్పేవారు. మహాసభలు రేడియోలో వినిపించడం ఆ ఏడాదే మొదలు. ఇళ్లలో వింటున్నవాళ్లకు ఆ వాక్యం కంఠతా వచ్చేసింది. హోటల్ ఖర్చులకు డబ్బు చాలక కొందరు ప్రతినిధులు మధ్యలోనే ఇంటిదారి పట్టారు. 103వ రౌండులో టికెట్ జాన్ డేవిస్‌కు దక్కింది. పోటీలో ప్రధానంగా ఉన్న ఇద్దరూ కాకుండా మూడో మనిషికి! నవంబరులో ఆయనకు వచ్చినవి 29 శాతం లోపు ఓట్లే.

అంత జరిగినా నిబంధన చెక్కుచెదరలేదు. 1932లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వర్గం దాన్ని తీసేయాలని చూసి, వ్యతిరేకత రావడంతో వెనక్కి తగ్గింది. తొలి రౌండులోనే మెజారిటీ ఉన్న ఆయన, పోటీలో ఉన్న జాన్ గార్నర్ వర్గం దారికొచ్చేదాకా, అంటే నాలుగో రౌండు దాకా ఆగాల్సి వచ్చింది. 1936లో ఫిలడెల్ఫియాలో ఆయన తిరుగులేని స్థితిలో ఉన్నారు. అప్పుడు గానీ నిబంధన రద్దు కాలేదు. రద్దు కోసం ముందుండి పోరాడింది మిస్సోరీ సెనేటర్ బెన్నెట్ చాంప్ క్లార్క్. బాల్టిమోర్‌లో ఓడిన క్లార్క్ కొడుకే ఆయన.

ఫలితం నాలుగేళ్లలోనే కనిపించింది. 1940లో ఉపాధ్యక్ష టికెట్‌కు రూజ్‌వెల్ట్ ఎంచుకున్న హెన్రీ వాలెస్, అలబామాకు చెందిన విలియం బ్యాంక్‌హెడ్ మీద 626 ఓట్లతో గట్టెక్కారు. పాత నిబంధనే ఉంటే ఆయనకు వందకు పైగా ఓట్లు తక్కువ పడేవి.