అరువు రోడ్ల మీద పందేలు

దసరా సెలవులకి రాజాం నుంచి మా మేనల్లుడొచ్చాడు. పూట పూటా ఫోన్లో కారు రేసులే. ఒకరోజు ఫోను నా ముందుకు తోసి, "ఇదేటి మావయ్యా, మలుపులో ఇళ్లున్నాయి, కంచె లేదు, ఇలాటి ట్రాక్ నిజంగా ఉందా?" అన్నాడు. చూస్తే బెల్జియంలోని పాత స్పా రేసు చుట్టు. ఉండేదిరా, మూసేశారు అన్నాను. "ఎందుకు మూసీసేరు?" అన్నాడు. ప్రమాదాల వల్ల అని చెప్పి తప్పించుకున్నాను. అది సగం జవాబే.

అసలు "మూసేశారు" అనే మాటలోనే తిరకాసుంది. ఆ రోడ్డు మీద ఇప్పటికీ జనం తిరుగుతూనే ఉన్నారు. మూతపడింది పందెం. విజయనగరం వాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పైడితల్లమ్మ సిరిమాను రోజున చదురుగుడి నుంచి కోట దాకా దారి అమ్మవారిది. మూడుసార్లు మాను తిరిగాక ఆ దారి మళ్లీ ఆటోలది, తోపుడు బళ్లది. యూరప్‌లో కారు రేసులు కూడా మొదట ఇలా అరువు తెచ్చుకున్న రోడ్ల మీదే నడిచాయి.

తొలి రోజుల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పందెం వేసేవారు. 1903లో ప్యారిస్ నుంచి మాడ్రిడ్‌కు బయల్దేరిన కార్లు దుమ్ములో దారి కానక చెట్లకీ మనుషులకీ గుద్దుకున్నాయి. రెనో కంపెనీ అన్నదమ్ముల్లో ఒకడైన మార్సెల్ రెనో చనిపోయాడు. దారి మధ్యలో బోర్డోలోనే పందెం ఆపేశారు. ఆ తర్వాత కొన్ని గ్రామాల రోడ్లను కలిపి ఒక చుట్టుగా చేసి, ఆ కాస్తా కాపలా పెట్టి పరిగెత్తించడం మొదలైంది. బ్రిటన్ ప్రధాన భూభాగంలో అదీ కుదరలేదు, రేసు కోసం రోడ్డు మూయడానికి చట్టం ఒప్పుకోలేదు. అందుకే 1907లో బ్రూక్‌లాండ్స్‌లో విడిగా కాంక్రీటు ట్రాక్ కట్టుకున్నారు. బ్రిటన్ పక్కనే సొంత చట్టసభ ఉన్న దీవి ఐల్ ఆఫ్ మ్యాన్ మాత్రం రోడ్లు ఇచ్చింది. అక్కడ దాదాపు 60 కిలోమీటర్ల కొండదారి చుట్టు మీద మోటార్‌సైకిళ్లు ఇప్పటికీ పరిగెడుతున్నాయి, మనుషులు ఇప్పటికీ చనిపోతున్నారు.

1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో 24 గంటల రేసు నడుస్తుండగా ఒక మెర్సిడెస్ గట్టుకు తగిలి, ముక్కలై జనంలోకి దూసుకెళ్లింది. 80 మందికి పైగా పోయారు. స్విట్జర్లాండ్ ఏకంగా సర్క్యూట్ రేసుల్నే నిషేధించింది. బెర్న్ పక్కన అడవిలో ఉన్న బ్రెమ్‌గార్టెన్ చుట్టుకు 1954 స్విస్ గ్రాండ్ ప్రీ (ఫార్ములా వన్ పందెం) ఆఖరిదైంది.

రెండేళ్లకు ఇటలీ వంతు. మిల్లే మిలియా అంటే బ్రెషియా నుంచి రోమ్ వెళ్లి తిరిగిరావడం, సుమారు 1,600 కిలోమీటర్లు. అంత దారికీ ఎవరు కాపలా కాస్తారు? 1957లో గ్విడిజ్జోలో దగ్గర తిన్నటి రోడ్డు మీద అల్ఫోన్సో డి పోర్టాగో నడిపే ఫెరారీ టైరు పేలింది. అతనూ, పక్కన కూర్చున్న తోడుమనిషీ, రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న 9 మందీ చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలు. ఎంజో ఫెరారీ మీద కేసు పెట్టారు, 1961లో కొట్టేశారు. వేగం పందెంగా మిల్లే మిలియా అక్కడితో అయిపోయింది.

ఇక మావాడు అడిగిన స్పా. ఫ్రాంకోర్‌షాంప్, మాల్మెడీ, స్టావ్‌లో ఊళ్లను కలిపే 14 కిలోమీటర్ల చుట్టు, మనకి విజయనగరంలో బయల్దేరి నెల్లిమర్ల దాటిపోయేంత. ఒక మూల వాన, ఇంకో మూల ఎండ. 1960లో ఒక్క గ్రాండ్ ప్రీలోనే ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. 1966లో మొదటి చుట్టులోనే స్కాట్లాండ్ డ్రైవర్ జాకీ స్టీవర్ట్ కారు వానలో జారి రోడ్డు దాటిపోయి గుద్దుకుంది. ఒళ్లంతా పెట్రోలుతో తడిసి, దాదాపు 25 నిమిషాలు అందులోనే ఇరుక్కున్నాడు. స్టీరింగ్ ఊడదీయడానికి రెంచి లేక తోటి డ్రైవర్లు చూసేవాళ్ల దగ్గర పనిముట్లు అడిగి తెచ్చారు. ఆ తర్వాత అతను తన కారులో ఎప్పుడూ ఒక రెంచి అంటించుకుని నడిపేవాడు. డ్రైవర్ల భద్రత కోసం గట్టిగా పోరాడిందీ అతనే. పిరికివాడని వెక్కిరించినవాళ్లు ఎంతమందో.

1969లో డ్రైవర్లు స్పాకి రామన్నారు. 1970తో పాత చుట్టు మీద ఫార్ములా వన్ ముగిసింది. 1971లో అక్కడ 1,000 కిలోమీటర్ల రేసు గెలిచిన పోర్షే సగటు వేగం గంటకు 249 కిలోమీటర్లు. సగటే అంత! కార్లు మారిపోయాయి గానీ పక్కన గోడలూ చెట్లూ పొలాలూ అలాగే ఉన్నాయి. 1979లో చుట్టును సుమారు 7 కిలోమీటర్లకు కుదించారు. రేసు బతికింది, పాత దారి సగం విడిపోయింది.

ప్రమాదాలు ఒక్కటే కారణమైతే ఐల్ ఆఫ్ మ్యాన్ ఎప్పుడో ఆగాలి. డబ్బు లెక్క కూడా ఉంది. పొడుగాటి చుట్టు చుట్టూ కంచెలు, జెండా చూపేవాళ్లు, అంబులెన్సులు, మంటలార్పేవాళ్లు కావాలి. టికెట్టు కొనకుండా పొలాల్లోంచి వచ్చి చూసేవాళ్లని ఆపలేరు. పైగా మామూలు బళ్లు పెరిగాక ఆ రోడ్లు ఊరికి అవసరమయ్యాయి. ఫ్రాన్స్‌లో రీమ్స్ పక్కన గ్యూ దగ్గర ఆఖరి ఫార్ములా వన్ 1966లో జరిగింది, 1972కల్లా రేసులే ఆగాయి. పాత గ్యాలరీలు, కార్లు బాగుచేసుకునే పిట్ గదులు ఇప్పటికీ పొలాల మధ్య రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాయి. రూవాన్ చుట్టు 1994 దాకా లాక్కొచ్చింది. లె మాన్స్ రాజీపడి మిగిలింది. ఏడాదంతా మామూలు రోడ్డుగా ఉండే ముల్సాన్ తిన్నటి దారిలో 1988లో ఒక కారు గంటకు 405 కిలోమీటర్లు అందుకుంది, 1990లో మధ్యలో రెండు వంకర్లు పెట్టి ఆ వేగానికి కళ్లెం వేశారు.

మన వైపు కథ వేరు. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద రేసులు పెట్టేవారు, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది. ఊరి రోడ్డు అరువు తీసుకున్న పెద్ద రేసు తెలుగువాళ్లకి గుర్తున్నదంటే హైదరాబాదే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ. ముందు రోజుల నుంచే దారులు మళ్లించడంతో ఆఫీసులకి పోయేవాళ్లు తిట్టుకున్నారు. ప్రభుత్వం మారాక, 2024 జనవరిలో రెండో రేసు రద్దయింది. తర్వాత ఆ ఒప్పందానికి కట్టిన డబ్బు మీద ఏసీబీ కేసూ నడిచింది. ఆ రేసులో ఎవరి ప్రాణమూ పోలేదు.

ఇదంతా విని మావాడు, "అయితే మన సిరిమాను దారిలో పెట్టీవచ్చు కదా మావయ్యా, చిన్నదే" అన్నాడు. వాళ్లమ్మ వంటింట్లోంచి కేకేసింది.