తుంగ పెంపకం: అపోహలు – వాస్తవాలు

ఎవరైనా ఒక నియమాన్ని లెక్కచేయకపోతే దాన్ని తుంగలో తొక్కారంటాం. కాళ్ళ కింద నలిగే గడ్డిగానే ఆ మొక్క మన నుడికారంలో స్థిరపడింది. చెన్నైలో చెరువు గట్లకూ, అపార్టుమెంట్లలోని నీటి తొట్లకూ దేశవాళీ చిత్తడి మొక్కలను పెంచి ఇవ్వడం నా వృత్తి కనుక, ఇక్కడి తెలుగు కుటుంబాలు తుంగ గురించి అడిగే ప్రశ్నలను ఏడాది పొడవునా వింటుంటాను. ఈ మొక్క గాలి ఎలా పీల్చుకుంటుందో తెలిస్తే వాటిలో చాలా సందేహాలు అసలు పుట్టవు.

అపోహ: తుంగ కలుపు మొక్క. ఒకసారి నాటితే పెరడంతా ఆక్రమిస్తుంది.

వాస్తవం: సేద్యం చేసిన పెద్దవారికి ఈ భయం ఎక్కువ, దానికి తగిన కారణమూ ఉంది. సున్నిపిండిలో కలుపుకునే తుంగముస్తలు ఒక జాతి తుంగకు ఊరే గడ్డలు, అవి మట్టిలో గొలుసుకట్టుగా ఉంటాయి. పారతో తవ్వితే ఆ గొలుసు తెగి, అంతవరకు నిద్రాణంగా ఉన్న ప్రతి గడ్డా విడిగా మొలకెత్తుతుంది. ప్రపంచంలోని అతి మొండి కలుపు మొక్కల్లో ఆ జాతిని చేర్చడంలో అతిశయోక్తి లేదు. అయితే తుంగ కుటుంబంలో 5,000కు పైగా జాతులున్నాయి, ఒక్కదాని చెడ్డపేరు అన్నిటికీ అంటగట్టడం న్యాయం కాదు. తమిళులు కోరై అని పిలిచే చాపల తుంగను కరూరు, నామక్కల్ ప్రాంతాలలో కావేరి ఒడ్డు రైతులు పంటగా వేసి, ఒకసారి నాటినదాన్నే ఏళ్ళ తరబడి కోసుకుంటారు. తిరునెల్వేలి జిల్లాలోని పత్తమడై చాపలకు వాడేదీ కోరైనే. ఈ తుంగ అడ్డంగా పాకే దుంపతో విస్తరించే మాట నిజమే కాని, తడి ఉన్నంత మేరకే పాకుతుంది. సిమెంటు తొట్టిలో నాటితే తొట్టి గోడ దగ్గర ఆగిపోతుంది.

అపోహ: చెరువులో నిటారుగా, పొడుగ్గా పెరిగేదంతా తుంగే.

వాస్తవం: కాడను రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. తుంగ జాతుల్లో అధిక భాగానికి మూడు అంచులుంటాయి, లోపల బెండు నిండి ఉంటుంది, గడ్డి జాతుల్లోలాగా కణుపులు కనిపించవు. గుండ్రని కాడ గల తుంగలూ కొన్ని ఉన్నాయి కనుక ఈ పరీక్ష ఒక్కటే చాలదు. బల్లపరుపు ఆకులతో, గోధుమరంగు కండెలతో కనిపించేది జమ్ము. అది వేరే కుటుంబం. నర్సరీలలో గొడుగు మొక్క పేరిట అమ్మేది తుంగే అయినా ఆఫ్రికా ప్రాంతపుది. అందంగా ఉందని ఇంట్లో కుండీలో పెట్టుకోవచ్చు, చెరువులో మాత్రం వదలకండి.

అపోహ: నీటి మొక్క కదా, ఎన్ని నీళ్ళు పోసినా బతుకుతుంది.

వాస్తవం: నా అనుభవంలో తుంగను ఎక్కువగా చంపేది ఈ నమ్మకమే. కాడను గోటితో చీల్చి చూస్తే లోపల తెల్లని గుల్ల కనిపిస్తుంది. నీటిలో ముంచి నొక్కితే అందులోంచి సన్నని బుడగలు పైకి లేస్తాయి. బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి, నీటి పైన ఉన్న కాడలూ ఆకులూ పట్టిన గాలి ఈ గుల్లల గుండానే దిగి దుంపకూ వేళ్ళకూ అందుతుంది. కాడలన్నీ నీటిలో మునిగిపోతే ఆ దారి మూసుకుపోయి, దుంప ఊపిరాడక కుళ్ళిపోతుంది.

నేను ఈ పాఠాన్ని నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం దక్షిణ చెన్నైలోని ఒక నివాస సముదాయపు కుంటలో, వానలు మొదలయ్యేలోగా శుభ్రంగా కనబడాలని, రెండు వందల దుబ్బులను కొడవలితో బురద మట్టానికి కోయించాను. మూడో రోజున కురిసిన భారీ వానకు కోసిన మోళ్ళ మీద జానెడు నీరు నిలిచింది, ఆ నీటిని తోడించాలన్న ఆలోచన నాకు రాలేదు. మూడు వారాల తరువాత నీరు తగ్గాక ఒక దుబ్బును లాగి చూస్తే దుంప అరటిపండులా మెత్తబడి చేతిలోనే విడిపోయింది, కుళ్ళిన గుడ్డు వాసన వేసింది. తప్పు పూర్తిగా నాదే కనుక మళ్ళీ నా ఖర్చుతోనే నాటాను.

అందువల్ల కొత్తగా నాటిన పిలకలకు బురద తడిగా ఉంటే సరిపోతుంది. పైన రెండు వేళ్ళ మందం నీరు నిలిచినా ఇబ్బంది లేదు, అంతకు మించి వద్దు. కొత్త కాడలు మోకాలి ఎత్తుకు లేచాకే నీటిని కొద్దికొద్దిగా పెంచాలి, ముదిరిన దుబ్బుకైనా కాడలో సగానికి పైగా ఎప్పుడూ నీటి పైనే ఉండాలి. చెన్నైకి ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాలవి. అవి మొదలయ్యేసరికి వేళ్ళు పట్టు దొరకబుచ్చుకోవాలంటే జూలై, ఆగస్టు నెలల్లో నాటడం మేలు. నవంబరులో నాటిన పిలకలు వరదకు లేచి అలుగు దగ్గర తేలడం చాలాసార్లు చూశాను.

అపోహ: తుంగ పెంచితే దోమలు పెరుగుతాయి.

వాస్తవం: దీన్ని పూర్తిగా అపోహ అనలేను. డెంగీ దోమ ఎక్కువగా డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్ళేలు, పాత టైర్లు వంటి వాటిలో నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. మురుగునీటి దోమలు కాలువల్లో పెరుగుతాయి. ఆ రెండింటికీ తుంగను నిందించడం సరికాదు. కాని పడిపోయిన కాడలను తీయకుండా వదిలి, చేప దూరలేనంత దట్టంగా దుబ్బులు కమ్ముకోనిస్తే, ఆ మరుగున లార్వాలు నిశ్చింతగా పెరుగుతాయి. కుంటలో సగం వరకు నీటిని తెరిపిగా ఉంచి, తలమీద వెండి చుక్క ఉండే పాంచాక్స్ వంటి దేశవాళీ చిన్న చేపలను వదలండి. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడిలో వారం పది రోజులు చాలు కాబట్టి, చేపలు లేని చిన్న తొట్టిలో నీటిని వారానికొకసారి పూర్తిగా మార్చాలి.

అపోహ: తుంగ నాటితే మురుగునీరు దానంతటదే శుద్ధి అవుతుంది.

వాస్తవం: అసలు పనిలో పెద్ద పాలు వేళ్ళ చుట్టూ ఉండే సూక్ష్మజీవులది. వేళ్ళ నుంచి ఊరే కాస్త ప్రాణవాయువుతో అవి బతుకుతాయి. పచ్చి మురుగును నేరుగా వదిలితే లేత తుంగ తట్టుకోలేదు, ఆ చోటును జమ్మో గుర్రపుడెక్కో ఆక్రమిస్తుంది. బెంగళూరు జక్కూరు చెరువులో కూడా మురుగు ముందు శుద్ధి కేంద్రం దాటి, ఆ తరువాతే చిత్తడి మొక్కల మధ్యగా చెరువులోకి చేరేలా ఏర్పాటు చేశారు.

అపోహ: కొబ్బరి పీచు పొడి, పశువుల ఎరువు బాగా వేస్తే బాగా పెరుగుతుంది.

వాస్తవం: పీచు పొడి మర్నాడే నీటిపై తుప్పురంగు తెట్టుగా తేలుతుంది, ఎరువు పాచిని పెంచుతుంది. బంకమట్టిలో కొంత ఇసుక కలిపి, పైన సన్న కంకర పరిస్తే చాలు.

అపోహ: దేశవాళీ మొక్కను కోయకూడదు, ప్రకృతికే వదిలేయాలి.

వాస్తవం: రాజస్థాన్‌లో పక్షులకు పేరొందిన భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో 1982లో గేదెల మేతను నిషేధించాక ఒక నీటిగడ్డి విపరీతంగా పెరిగి, పక్షులకు కావలసిన తెరిపి నీటిని కప్పేసిందని దీర్ఘకాలిక అధ్యయనంలో తేలింది. మేసే నోరు లేనిచోట కొడవలి ఆ పని చేయాలి. నేను ఏటా ఫిబ్రవరిలో, పక్షుల గూళ్ళు లేవని రూఢి చేసుకొని, కుంటలో మూడో వంతు దుబ్బులనే కోయిస్తాను. నీటి మట్టానికి జానెడు పైన కోసి, కోసినదంతా బయటికి తీయిస్తాను. అందులోనే వదిలేస్తే కుళ్ళి, మొక్క పీల్చుకున్న పోషకాలన్నీ తిరిగి నీటిలోకే చేరతాయి.

అపోహ: ఎండాకాలంలో ఎండిపోతే చచ్చినట్టే.

వాస్తవం: మే నెలలో పైభాగం గడ్డిరంగుకు తిరిగినా కంగారుపడి పీకేయవద్దు. దుంపను గిచ్చి చూడండి, గట్టిగా, తెల్లగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. నీరు తగ్గి బయటపడిన బురద మీదే చాలా జాతుల గింజలు మొలుస్తాయి. వాటికి వెలుతురు కావాలి కాబట్టి, విత్తనం చల్లేవారు దాన్ని మట్టితో కప్పకూడదు.

అపోహ: చెన్నైలోని పల్లికరణై చిత్తడిలో కావలసినంత ఉంది, నాలుగు దుబ్బులు తెచ్చుకుంటే తప్పేమిటి?

వాస్తవం: అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2022లో చేరిన ఆ చిత్తడి నేలలో కొంత భాగం రిజర్వు అటవీ భూమి, అక్కడ మొక్క పీకడం నేరం. వరి పొలాల కాలువ గట్ల మీద ఇదే మొక్క దొరుకుతుంది, రైతు అనుమతి అడిగితే సంతోషంగానే తీసుకొమ్మంటారు. రెండు మూడు పచ్చి పిలకలు అంటుకొని ఉన్న దుంప ముక్కను బురదతో సహా తీసి, తడి గోనెసంచిలో చుట్టి తెచ్చి, ఆ సాయంత్రమే నాటండి.