రైలు పట్టాలు పడితే ఊరు పెరుగుతుందా?

వనపర్తికి రైల్లో పోవాలంటే వనపర్తి రోడ్ స్టేషన్‌లో దిగాలి. అది ఉన్నది మదనాపురం దగ్గర. అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో. సంస్థానంగా వెలిగిన ఊరని రైలు లెక్కచెయ్యదు. లైను వేసే ఇంజినీరు చూసేది ఎత్తుపల్లాలు, మలుపులు, నది దాటడానికి అనువైన చోటు.

సైబీరియాలో ఇది మరీ పెద్ద ఎత్తున జరిగింది. 1891లో మొదలైన ట్రాన్స్-సైబీరియన్ లైను (9,289 కి.మీ.) విశ్వవిద్యాలయం ఉన్న తోమ్స్క్‌ను వదిలేసి, ఓబ్ నది ఇరుకై అడుగున రాయి తగిలే చోట దాటింది. అక్కడ వంతెన కూలీలు వేసుకున్న గుడిసెలే ఇప్పుడు 16 లక్షల జనాభా గల నోవోసిబిర్స్క్. తోమ్స్క్‌కు దక్కింది ఒక బ్రాంచి లైను.

అక్కడికి జనం లక్షల్లో వచ్చారు. కారణం రైలొక్కటే కాదు: వలస రైతులకు టికెట్టు చవక, పైగా మగమనిషికి సుమారు 40 ఎకరాల చొప్పున భూమి. పాలమూరుకు నిజాం కాలంలోనే రైలొచ్చినా కథ తిరగబడింది: జనం రాలేదు, వలసపోయారు. వానాధారం పొలాలు, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు. కూలి దొరికేది పట్టాల అవతలి కొసన. దానికితోడు ఆ లైను మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం బ్రాడ్ గేజ్ కన్నా తక్కువ. 1990లలో మార్చేదాకా, బ్రాడ్ గేజ్ మీద పోవాల్సిన సరుకును గేజ్ మారేచోట ఒక వ్యాగన్‌లోంచి దించి ఇంకోదాంట్లోకి ఎక్కించాల్సిందే. ఖర్చు, ఆలస్యం, చిరిగిన బస్తాలు. మనుషులకు ఆ తంటా లేదు, బండి మారితే చాలు.

మిర్యాలగూడలో వరస వేరు. ముందు సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి, మిల్లులు. బీబీనగర్–నడికుడి లైను ఆ తర్వాతే. 42 వ్యాగన్ల రేకు (ఒకే గూడ్స్ బండిగా నడిచే వ్యాగన్ల వరస) ఒకటి సుమారు 2,500 టన్నుల బియ్యం మోస్తుంది, అంటే వంద లారీల పైమాటే. అయితే రేకు నిలవాలంటే దాదాపు 686 మీటర్ల లూప్ లైను (మెయిన్ లైను పక్కన బండిని నిలిపే పట్టాలు) కావాలి, పక్కనే లారీలు తిరిగే గూడ్స్ షెడ్ కావాలి. హమాలీలు చాలక గడువు దాటితే వ్యాగన్‌కు గంటల లెక్కన డెమరేజ్, అంటే ఆలస్య రుసుము, పడుతుంది. రేకును నింపలేని ఊరు ప్యాసింజర్ బండితోనే సరిపెట్టుకోవాలి.

దేవరకద్ర నుంచి మక్తల్ మీదుగా కృష్ణా దాకా లైను 2023లో పూర్తయింది. అక్కడ ఎన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. కంది, పత్తి, వడ్లు ఏ స్టేషన్‌లో ఎక్కుతాయి, దాని పక్కన గోదాములు ఎవరు కడతారన్నది మొదటిది.