పరిశోధక విద్యార్థులు మెంటర్లైతే: కొన్ని అపోహలు, అసలు సంగతులు

బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తూ, మా సంస్థ విద్యార్థి మండలిలో కొత్తవారికి తోడ్పడే బాధ్యత చూస్తున్నాను. యశ్వంతపూర్‌లో రైలు దిగి పెట్టెతో సహా హాస్టల్ ఆఫీసుకు వచ్చే తెలుగు పిల్లల నుంచి, ఊళ్ళో ఉండి వాట్సాప్‌లో ప్రశ్నలు పంపే డిగ్రీ విద్యార్థుల దాకా రోజూ ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇలా సీనియర్లు కొత్తవారికి దారి చూపడాన్నే మెంటరింగ్ అంటాం. ఈ పని మీద బయటివారికే కాదు, చేసేవారికీ బోలెడు అపోహలున్నాయి.

అపోహ: మెంటర్ పని స్ఫూర్తి నింపడం

ఇంటర్ రెండేళ్ళూ తెల్లవారుజామున స్టడీ అవర్లకు లేచినవారికి పట్టుదల గురించి నేను కొత్తగా చెప్పేదేముంటుంది? వారికి కావలసింది గడువుకు ముందు అందే కబురు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. వాటిలో ఒకటైన, 1934లో సి.వి. రామన్ స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీ ఈ ఊళ్ళోనే ఉంది. ఇక్కడే జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ విజ్ఞాన పరిశోధన కేంద్రమూ వేసవికి విద్యార్థులను తీసుకుంటుంది. ప్రొఫెసర్ల ఇంట పుట్టిన పిల్లలకు ఇవన్నీ భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. మిగతావారు పరీక్షలయ్యాక, ఎండలు ముదిరాక అడుగుతారు. అప్పటికి జాబితాలు ఖాయమైపోతాయి.

పార్వతీపురం వైపు నుంచి ఒక అమ్మాయి, ప్రొఫెసర్‌కు పంపబోయే ఉత్తరం నాకు చూపించింది. సగం పేజీ ఇంటి పరిస్థితి, పావు పేజీ చిన్ననాటి కల, చివర్లో ‘దయచేసి ఒక్క అవకాశం’. బయోడేటాలో తండ్రి పేరు, బ్లడ్ గ్రూపు ఉన్నాయి కానీ చేసిన ప్రాజెక్టు వివరం లేదు. ఇద్దరం కూర్చుని దాన్ని ఐదారు వాక్యాలకు దించాం: ఆయన రాసిన వ్యాసాల్లో తాను చదివింది ఏది, అందులో అర్థంకాని పటం ఏది, కాలేజీలో తాను చేసిన పని ఏమిటి, ఏ తేదీల్లో రాగలదు. జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: ఈ వేసవికి చోటు లేదు, డిసెంబరులో మళ్ళీ రాయండి. అమ్మాయి కాదన్నారనుకుని, ‘పోనీలే అక్కా’ అంది. నిజంగా అక్కరలేకపోతే ఆయన నెల పేరు చెప్పరు. ఫోనులో తేదీ పెట్టించాను. డిసెంబరులో రాసింది, మే నెలలో వచ్చింది. నేను చేసిందల్లా ఒక జవాబును చదివిపెట్టడం.

అపోహ: సీటు వచ్చాక సమానత్వం సంగతి తేలిపోయినట్టే

కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లని 2006 చట్టం చెప్పింది. చట్టం గుమ్మం దాకా తెస్తుంది, లోపలికి కాగితాలతోనే రావాలి. మన రాష్ట్రాల నుంచి వచ్చేవారు ఏటా తడబడేది ఇక్కడే. తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చిన బీసీ ధ్రువపత్రం రాష్ట్ర నమూనాలో ఉంటుంది. ఇక్కడ అడిగేది కేంద్ర నమూనాలోని నాన్ క్రీమీలేయర్ పత్రం (ఓబీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని చెప్పేది), అదీ సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు కూడా. అడ్మిషన్ల కౌంటర్ దగ్గర ఈ మాట విన్న కుర్రవాడి ముఖం చూసినవారెవరూ ‘సీటు వచ్చిందిగా’ అనరు. అందుకే మేం ఏప్రిల్‌లోనే నమూనా పత్రం పంపి, దాన్ని చేత్తో పట్టుకుని మండల ఆఫీసుకు వెళ్ళమంటాం.

తర్వాతది డబ్బు. పీహెచ్‌డీ మొదటి ఏళ్ళలో ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి 1 నుంచి నెలకు 31,000 నుంచి 37,000 రూపాయలకు పెరిగింది. బాగానే ఉంది. కానీ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చే ఫెలోషిప్ అయితే ప్రతి నెలా సంస్థలో ‘మేకర్’ ఒకరు కెనరా బ్యాంకు పోర్టల్‌లో పేరు ఎక్కించాలి, ‘చెకర్’ ఇంకొకరు ఖాయం చేయాలి. ఇద్దరిలో ఒకరు మరిచిపోతే ఆ నెల డబ్బు ఆగుతుంది. కొత్తగా చేరినవారికి మొదటి విడత రావడానికే నెలలు పడుతుంది. ఇంటి నుంచి తెచ్చుకోగలిగినవారికి అది విసుగు. ఇంటికే పంపాల్సినవారికి అది మెస్ బిల్లు, చెల్లెలి ఫీజు. ఆ ఆఫీసు ముందు నిలబడి, ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అని అడగడం నా పదవిలో పెద్ద భాగం. ఫొటోలు తీసుకునే పని కాదు మరి.

అపోహ: తెలుగు మీడియం వారికి ఇంగ్లీషే అడ్డం

కొంత నిజం. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు కానీ పీజీ, పరిశోధన ప్రవేశాలకు రాసే గేట్, జామ్ ఇంగ్లీషులోనే ఉంటాయి. అయినా సబ్జెక్టు ఇంగ్లీషు ఒకటి రెండు సెమిస్టర్లలో పట్టుబడుతుంది. అంత తొందరగా వదలనిది, పెద్దల ముందు నోరెత్తడం మర్యాద కాదన్న అలవాటు. సెమినార్‌లో మౌనంగా ఉంటే వినయం అని మనం అనుకుంటాం, సరుకు లేదు అని ఇక్కడివారనుకుంటారు. మా వారాంతపు సమావేశాల్లో ఒకటే షరతు: ప్రతివారూ ఒక ప్రశ్న అడగాలి, తెలుగులో అయినా సరే.

అపోహ: గైడ్ ఉండగా వేరే మెంటర్ ఎందుకు?

2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది దాకా, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు పీహెచ్‌డీ విద్యార్థులు ఉండవచ్చు. ఎంత మంచి గైడైనా, థీసిస్ మీద సంతకం పెట్టేది ఆయనే. ఆయనతోనే ఇబ్బంది ఉంటే దాన్ని ఆయనకే చెప్పుకోలేరు. అదే నిబంధనల్లో మహిళలకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుకు వీలుంది. అది చాలామందికి సీనియర్ అక్కలు చెబితేనే తెలుస్తోంది.

అపోహ: మనవారికి మనవారే సాయం చేయాలి

చేదు మాటే, కానీ చెప్పాలి. తెలుగు విద్యార్థుల్లో జిల్లాల వారీగా, కులాల వారీగా వాట్సాప్ గుంపులున్నాయి. పాత ప్రశ్నపత్రాలు, ఏ ల్యాబ్‌లో ఖాళీ ఉందన్న కబురు వాటిలోనే తిరుగుతాయి. ముందు ఊరు అడిగి, తర్వాత ఇంటిపేరు అడిగి, ఆ పైన ఫైలు పంపే అలవాటు పీహెచ్‌డీతో పోదు. అందుకే ఒకరికి ఇచ్చిన జవాబును, పేరు తీసేసి, అందరికీ కనిపించే పత్రంలో చేర్చాలని నియమం పెట్టుకున్నాం. అలాగని తనలాంటి దారిలో వచ్చిన సీనియర్ కావాలని ఒక దళిత విద్యార్థి అడిగితే కాదనం. అడగకుండా మేమే అంటగట్టం, అంతే.

అపోహ: విద్యార్థి నాయకత్వం అంటే రాజకీయం

లైంగిక వేధింపుల ఫిర్యాదు విద్యార్థులకు సంబంధించినదైతే అంతర్గత కమిటీలో ముగ్గురు విద్యార్థులుండాలని, వారిని ఎన్నుకోవాలని 2015 యూజీసీ నిబంధనల్లో ఉంది. రాజకీయమని విద్యార్థి ఎన్నికలే వద్దంటే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు?

అపోహ: మెంటరింగ్ తీరిక ఉన్నవారి సేవ

మా దగ్గర ఒక మెంటర్, ఒక కొత్త విద్యార్థి జతగా ఉండేది ఒక సెమిస్టరే. తర్వాత ఇద్దరూ కావాలంటే కొనసాగుతారు. లేకపోతే అడిగిన ప్రతివారి బరువూ అదే నలుగురి మీద పడుతుంది. వారిలో ఎక్కువమంది అమ్మాయిలే. అబ్బాయిలను అడిగితే ల్యాబ్ పని తెమలడం లేదంటారు. ఆ అమ్మాయిలకు ల్యాబులు లేవు కాబోలు.