‘ఎంచెను’ అన్న ఒక్క మాట గురించి పిల్లలకు ఉత్తరం

నా బంగారు పిల్లలకు,

ప్రభువు పేరిట మీ అమ్మమ్మ దీవెనలు.

మొన్న ఫోన్‌లో చిన్నది ఒక మాట అడిగింది. “అమ్మమ్మా, అబ్రాహాము దేవుణ్ణి నమ్మితే దేవుడు దాన్ని నీతిగా ఎంచాడని ఉంది కదా. చెయ్యని మంచిని చేసినట్టు రాసుకోవడం అబద్ధం కాదా?” నాకు వెంటనే జవాబు తోచలేదు. ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ రెండు రోజులుగా నా మనసు ఆ ప్రశ్న దగ్గరే ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. పెద్దది చదివి వినిపించాలి. అర్థం కాని చోట చిన్నది ఆపి అడగాలి.

ముందు ఆ మాట ఉన్న చోటికి వెళ్దాం. ఆదికాండము 15వ అధ్యాయం. అప్పటికి అతని పేరు ఇంకా అబ్రామే. హారాను విడిచి బయల్దేరినప్పుడే అతనికి 75 ఏళ్ళు. పిల్లలు లేరు. నా తర్వాత ఇదంతా నా ఇంట్లో పనివాడికే పోతుందని దేవుడి దగ్గర బాధపడ్డాడు. దేవుడు అతన్ని బయటికి తీసుకొచ్చి, ఆకాశం చూపించి, చేతనైతే నక్షత్రాలు లెక్కపెట్టమన్నాడు. నీ సంతానం అలా ఉంటుందన్నాడు. ఆ వెంటనే ఈ వాక్యం: “అతడు యెహోవాను నమ్మెను, ఆయన అది అతనికి నీతిగా ఎంచెను.”

ఆ రాత్రి అబ్రాము చేసిందేమిటో వెతికి చూడండి. ఏమీ కనబడదు. మొక్కుకోలేదు, ఒట్టు పెట్టలేదు, ఇకనుంచి మంచిగా ఉంటానని మాట ఇవ్వలేదు. చెప్పింది విన్నాడు. చెప్పినవాడు మాట తప్పడని నమ్మి ఆయన మీదే భారం వేశాడు. అంతే.

ఇప్పుడు ఆ ‘ఎంచు’ అన్న మాట చూడండి. మనం దాన్ని ఎక్కువగా ఎక్కడ వాడతాం? తప్పులెంచడం దగ్గర. ఒకరిలో ఏం లోపం ఉందా అని ఒక్కొక్కటీ ఏరి లెక్కపెట్టడానికి మనకు ఆ మాట అలవాటైపోయింది. దేవుడి నోట అదే మాట ఎంత వేరుగా వినిపిస్తోందో చూడండి. నీతిగా ఎంచాడట! నేను పెద్దదాన్నయ్యాక గానీ ఈ తేడా నా చెవిన పడలేదు. పడిన రోజు ఏడ్చాను.

ఎందుకు ఏడ్చానో చెప్పాలంటే నా నోటుబుక్కు సంగతి చెప్పాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు, ప్రతి రాత్రీ పడుకునే ముందు ఒక పుస్తకంలో రెండు వరసలు రాసుకునేదాన్ని. ఎడమవైపు ఆ రోజు చేసిన తప్పులు, కుడివైపు చేసిన మంచి పనులు. కుడివైపు ఎక్కువ ఉంటే దేవుడు నా మీద ఇష్టంగా ఉన్నట్టు, ఎడమవైపు ఎక్కువైతే కోపంగా ఉన్నట్టు. కొన్నాళ్ళకు ఏమైందంటే, కుడివైపు నింపడం కోసమే మంచి పనులు చెయ్యసాగాను. చెల్లికి పాఠం చెబుతున్నా నా కళ్ళు పుస్తకం మీదే. ఆ తర్వాత ఇంకా దిగజారాను. కొన్ని తప్పులు రాయడం మానేశాను. దేవుడికి చూపించడానికని మొదలుపెట్టిన పుస్తకంలోనే దొంగలెక్క రాశాను. అది తెలిసి కూడా మానలేకపోయాను. రాత్రయితే టెన్షన్. ప్రార్థన చెయ్యాలంటేనే భయం.

ఒక రోజు మా నాన్న ఆ పుస్తకం చూశారు. కోప్పడలేదు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఓపిగ్గా తిప్పారు. “అమ్మా, నువ్వు నా కూతురివని ఇందులో ఏ పేజీలో రాసుకున్నావు?” అని అడిగారు. నేను నిలబడిపోయాను. అది ఏ పేజీలోనూ లేదు. అది నేను చేసిన పని కాదు కాబట్టి రాయాలని కూడా తోచలేదు. నేను పుట్టినప్పుడే ఆయన నన్ను ఎత్తుకుని ఇది నా బిడ్డ అన్నారు. తర్వాత నేను చేసిన మంచీ చెడూ అన్నీ ఆ మాటకు లోపలే జరిగాయి.

సరే, ఇక యేసు అపొస్తలుడైన పౌలు దగ్గరికి వద్దాం. రోమీయులకు రాసిన పత్రికలో 4వ అధ్యాయమంతా ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తుంది. 25 వచనాల్లో గ్రీకులో ఆ ‘ఎంచు’ అనే క్రియ 11 సార్లు వస్తుంది. వ్యాపారం లెక్కల్లో కూడా వాడే మాట అది. పౌలు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. దేవుడు అబ్రాహామును నీతిమంతుడిగా ఎంచింది ఎప్పుడు? దేవుడి నిబంధనకు ఒంటి మీద గుర్తైన సున్నతి పొందాకా, పొందకముందా? అధ్యాయాల వరస చూస్తే తెలుస్తుంది. నమ్మడం 15వ అధ్యాయంలో. తర్వాత దాసి హాగరు వల్ల అతనికి ఇష్మాయేలు పుట్టేసరికి అబ్రాముకు 86 ఏళ్ళు. సున్నతి 17వ అధ్యాయంలో, అతని 99వ ఏట. అంటే కనీసం 13 ఏళ్ళ ముందే దేవుడు తన మాట చెప్పేశాడు. మోషే ద్వారా ఇచ్చిన ధర్మశాస్త్రమైతే ఇంకా ఎంతో వెనక, 430 ఏళ్ళ తర్వాత వచ్చిందని గలతీయులకు రాసిన పత్రికలో అంటాడు. ఈ లెక్కలన్నీ పౌలు ఎందుకు వేశాడు? ఏ గుర్తూ, ఏ అర్హతా చేతికి రాకముందే దేవుడు ఆ మనిషిని తనవాడు అన్నాడని చూపించడానికి. పనిచేసినవాడికి ఇచ్చేది కూలి, అది బాకీ. అబ్రాహాముకు దొరికింది కూలి కాదు.

ఇప్పుడు చిన్నదాని ప్రశ్న. ఇది అబద్ధం లెక్క కాదా?

తల్లీ, దేవుడు లెక్క దిద్దేసి ఊరుకుని ఉంటే నువ్వన్నది నిజమే అయ్యేది. తప్పు జరిగితే జరగనట్టు నటించే న్యాయాధిపతిని మనం మంచివాడు అనం. బైబిల్లో ఒక చిన్న ఉత్తరం ఉంది, ఫిలేమోనుకు రాసింది. ఒకే అధ్యాయం. ఒనేసిము అనే దాసుడు తన యజమానికి దూరమయ్యాడు, అతనివల్ల ఏదో నష్టం కూడా జరిగి ఉండొచ్చు. పౌలు అతన్ని వెనక్కి పంపుతూ యజమానికి ఇలా రాశాడు. అతను నీకేమైనా నష్టం చేసి ఉంటే, నీకు బాకీ ఉంటే, “అది నా లెక్కలో చేర్చుము.” అక్కడితో ఆగలేదు. ఈ మాట నా సొంత చేతితో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అన్నాడు. బాకీ లేదని పౌలు అనలేదు. ఉంది, నా పేరున రాసుకో అన్నాడు. ఒనేసిమును మాత్రం నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో అన్నాడు. సిలువ దగ్గర యేసు చేసింది నాకు ఆ రెండు మాటల్లో కనిపిస్తుంది. ఆయన నా బాకీ కొట్టివెయ్యలేదు, తీర్చాడు. అందుకే దేవుడి పుస్తకంలో దొంగలెక్క లేదు.

మన తెలుగు బైబిల్లో “నీతిమంతులముగా తీర్చబడుట” అని ఉంటుంది. అప్పు తీర్చడం, తీర్పు తీర్చడం, రెండూ ఆ ‘తీర్చు’లోనే ఉన్నాయి. గ్రీకు మాటలో ఉన్నది న్యాయస్థానం సంగతే. తెలుగులో అప్పు సంగతి కూడా వచ్చి చేరింది. మన భాషలో చదువుకోవడం నాకు ఇందుకే ఇష్టం.

ఇంకొకటి కూడా ఉంది. దేవుడి మాట మన మాట లాంటిది కాదు. లేనివాటిని ఉన్నట్టుగా పిలిచేవాడని పౌలు ఆయన గురించి అదే అధ్యాయంలో అంటాడు. అబ్రాముకు అబ్రాహాము అని, అంటే అనేక జనములకు తండ్రి అని పేరు పెట్టిన రోజున అతని భార్య శారా ఒడిలో ఇంకా బిడ్డ లేడు. ఇస్సాకు ఆ మరుసటేడు, అబ్రాహాముకు 100 ఏళ్ళప్పుడు పుట్టాడు. ఆ ఏడాదిలో ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే అది అబద్ధమా? కాదు. ఆ మాటే బిడ్డను తెచ్చింది. నిన్ను నీతిమంతురాలు అని పిలిచేది కూడా ఆ మాటే. అది నీలో పని చెయ్యకుండా ఊరుకోదు.

ఇక్కడ మిమ్మల్ని ఒక విషయంలో హెచ్చరించాలి. నేను చాలా ఏళ్ళు చిక్కుకున్న చోటు ఇది. నోటుబుక్కు మానేశాక నా మనసు ఇంకో లెక్క మొదలుపెట్టింది. మంచి పనులు కాదు, నమ్మకమే ముఖ్యం అంటున్నారు కదా, మరి నా నమ్మకం సరిపోతుందా? గట్టిగా ఉందా? నిన్న ప్రార్థనలో మనసు ఎటో పోయింది, అది లెక్కలోకి వస్తుందా? చూశారా, నమ్మకాన్నే ఒక పరీక్ష చేసేసుకున్నాను. నా విశ్వాసాన్ని నమ్ముకున్నాను గానీ దేవుణ్ణి కాదు.

అబ్రాహాము నాకు ఇక్కడ కూడా సాయం చేశాడు. ‘నమ్మెను’ అని రాసిన రెండో వచనానికే, ఇది నాకు దక్కుతుందని ఎలా తెలుస్తుంది ప్రభువా అని అడిగాడు. 17వ అధ్యాయంలో, నూరేళ్ళవాడికి బిడ్డా అని సాష్టాంగపడి నవ్వాడు. 20వ అధ్యాయంలో ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పాడు. అంతకుముందు ఐగుప్తులో ఒకసారి ఆడిన మాటే, నీతిమంతుడని ఎంచబడ్డాక కూడా మళ్ళీ ఆడాడు. అతను చేసింది తప్పే, శారా ఎంత నలిగిపోయి ఉంటుందో. దేవుడు ఆమెను కాపాడాడు. ఆమెను తీసుకెళ్ళిన రాజుతో అబ్రాహాము గురించి మాట్లాడుతూ కూడా అతను ప్రవక్త, నీకోసం ప్రార్థన చేస్తాడు అన్నాడు. ఎంచిన మాట వెనక్కి తీసుకోలేదు.

ఎలా తెలుస్తుంది అని అబ్రాము అడిగాడన్నాను కదా, దానికి దేవుడు ఏం చేశాడో చూడండి. పశువులను రెండు ఖండాలు చేసి ఎదురెదురుగా ఉంచమన్నాడు. ఆ కాలంలో నిబంధన చేసుకునే పద్ధతి అది. మాట ఇచ్చేవాళ్ళు ఆ ఖండాల మధ్య నడిచేవారు. మాట తప్పితే నా గతి కూడా ఇదే అని దాని అర్థం. పొద్దుగుంకింది. అబ్రాముకు గాఢనిద్ర పట్టింది. పొగ లేస్తున్న పొయ్యి, మండుతున్న జ్వాల ఆ ఖండాల మధ్య దాటిపోయాయి. అబ్రాము నడవలేదు. దేవుడొక్కడే నడిచాడు. విశ్వాసం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ రాత్రినే చూపిస్తాను.

పెద్దది చరిత్ర చదువుతోంది కాబట్టి మార్టిన్ లూథర్ గురించి ఒక మాట. 1505లో సన్యాసి అయినవాడు, ఎంత ఉపవాసమున్నా, గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నా మనశ్శాంతి దొరకలేదు. ‘దేవుని నీతి’ అనే మాట వింటేనే శిక్ష గుర్తొచ్చేదట. “నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును” అన్న వాక్యాన్ని రాత్రింబగళ్ళు తలచుకోగా, ఆ నీతి దేవుడు అడిగేది కాదని, ఇచ్చేదని తెలిసింది. తలుపులు తెరుచుకుని పరదైసులోకి వెళ్ళినట్టు అనిపించిందని తన ముసలితనంలో రాసుకున్నాడు. తర్వాత సంఘం చీలిపోయింది, వందల ఏళ్ళు గొడవలు. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు కలిసి ఈ విషయం మీద ఒక ఉమ్మడి ప్రకటనకు సంతకాలు చేశారు. అన్ని తేడాలూ పోలేదు. కానీ మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఇద్దరూ కలిసి చెప్పారు. ఆ సంగతి నాకు చాలా సంతోషం.

అయితే మంచి పనులు అక్కర్లేదా అంటే, యాకోబు పత్రిక చదవండి. క్రియలు లేని విశ్వాసం మృతం అంటాడు. ఆయన కూడా అబ్రాహామునే, ఆ ఆదికాండము వాక్యాన్నే చూపిస్తాడు. చిగురు చూసి చెట్టు బతికుందని తెలుసుకుంటాం. చిగురు అంటించి ఎండిన చెట్టును బతికించలేం. నేను చెల్లికి నిజంగా పాఠం చెప్పడం మొదలుపెట్టింది పుస్తకం మూసేశాకే.

ఇక చిన్నదానా, ఇది నీ ఒక్కదానికి. అమ్మ దగ్గర ఏదో దాచానని, అందుకే పది రోజులుగా ప్రార్థన చెయ్యట్లేదని చివర్లో మెల్లగా అన్నావు. అదేమిటో నేను అడగలేదు, అడగను. ముందు సరిచేసుకుని తర్వాత దేవుడి దగ్గరికి వెళ్దామనుకుంటున్నావు. యేసు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, అలా అనుకోలేదు. దూరంగా నిలబడి, తలెత్తకుండా, “దేవా, పాపినైన నన్ను కరుణించుము” అన్నాడు. అతనే నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళాడని ప్రభువు చెప్పాడు. సరిచేసుకోవడం ఇంటికి వెళ్ళాక. ఈ రాత్రి నువ్వూ అంతే అను. మాటలు రాకపోతే, జబ్బుపడిన కొడుకును తెచ్చిన ఆ తండ్రి మాట అరువు తెచ్చుకో: “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము.” రేపు అమ్మ ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని చెప్పు. భయమేస్తే అక్కను తోడు తీసుకెళ్ళు. ఆదివారం సాయంత్రం నేను ఫోన్ చేస్తాను. చెప్పావా లేదా అని అడగను, నీ గొంతు వింటాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ